మొదటి ఆప్షన్ ఏది రాయాలి? బోస్టన్ బడుల సీట్ల కేటాయింపుపై ఒక కేస్ స్టడీ

ప్రవేశాల సాఫ్ట్‌వేర్ రాయడం నా వృత్తి. కొన్నేళ్ల కిందట, ఒకే నగరంలో నాలుగు బడులు నడిపే ఒక విద్యాసంస్థ ఏ పిల్లకు ఏ బడిలో సీటివ్వాలో తేల్చే ప్రోగ్రాం కావాలని నన్ను అడిగింది. తల్లిదండ్రులు నాలుగు బడులనూ తమకు నచ్చిన వరుసలో రాసిస్తారు. అన్నో అక్కో అదే బడిలో చదువుతుంటే ఒక మెట్టు పైన ఉంచాలి, ఇల్లు దగ్గరైతే ఇంకో మెట్టు, మిగిలినదంతా లాటరీ. యాజమాన్యం గట్టిగా చెప్పిన నియమం ఒకటే: ఒక బడిని మొదటి ఆప్షన్‌గా రాసినవాళ్లందరికీ ఇచ్చాకే, దాన్ని రెండో ఆప్షన్‌గా రాసినవాళ్ల వైపు చూడాలి. మనసారా కోరుకున్నవాళ్లను పక్కనపెట్టి, రెండో మాటగా అడిగినవాళ్లకు ఇవ్వడం ఏం న్యాయమన్నది వారి వాదన. అది నాకూ సబబుగానే తోచి, రెండు రోజుల్లో రాసిచ్చాను.

దరఖాస్తులు తీసుకునే రోజుల్లో ఒక పూట ఆ ఆఫీసులో కూర్చున్నప్పుడు గానీ చేసిన తప్పు తెలియలేదు. కౌంటరు దగ్గరి గుమాస్తా, అడిగిన ప్రతి తల్లికీ ఓపికగా చెబుతున్నాడు: "ఆ బడి మొదట పెట్టకండమ్మా, అది నిండిపోద్ది. దీన్ని మొదట పెట్టండి, ఖాయంగా వస్తది." అతను అబద్ధం చెప్పడం లేదు. నేను రాసిన ప్రోగ్రాంలో ఆ సలహా అక్షరాలా నిజం. అడిగినవాళ్లకు మేలు జరిగింది. అడగాలని తెలియక, నచ్చిన బడిని నచ్చినట్టే మొదట రాసినవాళ్లు ఉన్నదీ పోగొట్టుకున్నారు, ఉంచుకున్నదీ పోగొట్టుకున్నారు. ఆ ఏడాది ఫలితాలు వెలువడ్డాక నేను ఈ నియమానికి చరిత్ర ఏమైనా ఉందా అని వెతికితే, అది నాకంటే ముందే ఒక పెద్ద నగరాన్ని ఏళ్ల తరబడి ఇబ్బంది పెట్టిందనీ, అర్థశాస్త్రంలో దానికి ఆ నగరం పేరే పడిందనీ తెలిసింది. అప్పటి నుంచి ప్రతి కొత్త పనికీ ముందు తిరగేసే కేసు అదే కనుక, దాన్ని నా పని కోణం నుంచి ఇక్కడ రాస్తున్నాను.

బోస్టన్: నియమాలు ఎక్కడి నుంచి వచ్చాయి

అమెరికాలోని బోస్టన్ ప్రభుత్వ బడుల్లో పిల్లల కేటాయింపు మొదటి నుంచీ జాతి సమస్యతో ముడిపడి ఉంది. నల్లజాతి పిల్లలను వేరుగా ఉంచుతున్నారని తేల్చి, ఫెడరల్ న్యాయమూర్తి ఆర్థర్ గారిటీ 1974లో ఇచ్చిన తీర్పుతో పిల్లలను బస్సుల్లో నగరం ఆ చివరి నుంచి ఈ చివరికి పంపడం మొదలైంది. దానిపై వీధుల్లో తీవ్రమైన నిరసనలు జరిగాయి. 1989లో నగరాన్ని ఉత్తర, పశ్చిమ, తూర్పు అని మూడు మండలాలుగా విడగొట్టి, ప్రాథమిక, మాధ్యమిక తరగతుల పిల్లలు తమ మండలంలోని బడుల్లోంచి కోరుకునే వీలు కల్పించారు. కేటాయింపులో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని 1999లో నగర బడులను పాలించే స్కూల్ కమిటీ నిర్ణయించింది. అప్పుడే ఇంకో రాజీ కూడా కుదిరింది: ప్రతి బడిలో సగం సీట్లకు మాత్రమే దగ్గరలో ఉన్నవాళ్లకు ప్రాధాన్యం ఉంటుంది, మిగతా సగం అందరికీ ఒకటే. నడిచి వెళ్లగల దూరం అంటే ప్రాథమిక బడికి 1 మైలు, మాధ్యమిక బడికి ఒకటిన్నర, ఉన్నత పాఠశాలకు 2 మైళ్లు. ఈ సగం సగం ఒప్పందం సంగతి చివర్లో వస్తుంది. నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికంటే ఎక్కువ నేర్పేది అదే.

ఒక్కో బడిలో ప్రాధాన్యాల వరుస ఇలా ఉండేది: ముందు అదే బడిలో అన్నో అక్కో ఉండి, నడక దూరంలో కూడా ఉన్నవాళ్లు, తర్వాత తోబుట్టువు మాత్రమే ఉన్నవాళ్లు, ఆ తర్వాత నడక దూరం మాత్రమే ఉన్నవాళ్లు, చివరికి మిగతావాళ్లు. ఒకే మెట్టు మీద ఉన్నవాళ్ల మధ్య లాటరీ సంఖ్య తీర్పు చెబుతుంది. వీటి మీద నడిచిన యంత్రాంగం సరిగ్గా నేను రాసిచ్చిందే. మొదటి విడతలో అందరి మొదటి ఆప్షన్లే చూసి సీట్లు ఖాయం చేస్తారు, రెండో విడతలో మిగిలిన సీట్లకు మిగిలినవాళ్ల రెండో ఆప్షన్లు చూస్తారు. ఒకసారి ఇచ్చిన సీటు మళ్లీ కదలదు.

చిన్న ఉదాహరణ

తర్వాతి వాదనలన్నీ అర్థం కావాలంటే ఒక ఊహాజనిత ఉదాహరణ అవసరం. నేను యాజమాన్యాలకు కాగితం మీద గీసి చూపించేది కూడా ఇదే. ఏటి బడి, కొండ బడి, తోట బడి అని మూడు బడులు, ఒక్కోదానిలో ఒక్కటే సీటు. లలిత, సలీం ఇద్దరూ ఏటి బడి, కొండ బడి, తోట బడి అనే వరుసలో రాశారు. కిరణ్ కొండ బడి, ఏటి బడి, తోట బడి అని రాశాడు. ఏటి బడిలో ప్రాధాన్యం ముందు కిరణ్‌కు, తర్వాత సలీంకు, చివర లలితకు. కొండ బడిలో ముందు లలితకు, తర్వాత కిరణ్‌కు, చివర సలీంకు.

బోస్టన్ పాత పద్ధతిలో ఏటి బడి కోసం లలిత, సలీం పోటీ పడితే సలీంకు వస్తుంది. కొండ బడిని మొదట రాసింది కిరణ్ ఒక్కడే కనుక అది అతనిది. లలితకు తోట బడి మిగులుతుంది. ఇప్పుడు లలిత తండ్రి కౌంటరు దగ్గరకొచ్చి, కొండ బడిలో కిరణ్ కంటే మా అమ్మాయికే కదా ముందు హక్కు, అతనికి ఎలా ఇచ్చారని అడిగితే జవాబు లేదు. "మీరు దాన్ని మొదట రాయలేదు" అని మాత్రం చెప్పగలం. కొండ బడిని మొదట రాసి ఉంటే అది ఆమెకు దక్కేది. అంటే ఆమె నష్టపోయింది ప్రాధాన్యం తక్కువై కాదు, మనసులో మాట రాసినందుకు. ఇక్కడ రెండు లోపాలు ఒకేసారి బయటపడతాయి: హక్కు ఉన్నా సీటు రాలేదన్న న్యాయమైన ఫిర్యాదు ఒకటి, నిజం రాసినవాళ్లకు శిక్ష పడడం రెండోది.

బోస్టన్‌లో ఇది కాగితం మీది ఊహ కాదు. వెస్ట్ జోన్ పేరెంట్స్ గ్రూప్ అనే తల్లిదండ్రుల సంఘం, ఇలాంటి ఎత్తుగడలను తన సమావేశాల్లో బాహాటంగానే చర్చించేది: గిరాకీ తక్కువున్న ఒక మంచి బడిని వెతికి మొదట పెట్టండి, లేదా గిరాకీ ఉన్నదాన్ని మొదట పెట్టి, రెండో చోట మాత్రం ఖాయంగా దొరికేదే పెట్టండి. ఆ సంఘంలో ఉన్నవాళ్లకు ఈ కిటుకు తెలుసు, లేనివాళ్లకు తెలియదు. ఆ కాలపు దత్తాంశాన్ని పరిశోధకులు పరిశీలిస్తే 15,135 మంది పిల్లల్లో 19 శాతం మంది, మొదటి రెండు ఆప్షన్లుగానూ విపరీతమైన గిరాకీ ఉన్న బడులనే రాశారని తేలింది. గిరాకీ బడి రెండో విడతకు మిగలదు కనుక రెండో గడిలో దాన్ని రాయడమంటే ఆ గడిని వృథా చేసుకోవడమే. వారిలో దాదాపు 27 శాతం మందికి ఏ సీటూ దక్కలేదు. ఈ అంకెను నేను ప్రతి సమావేశంలో చూపిస్తాను. ఎందుకంటే "మా తల్లిదండ్రులు తెలివైనవాళ్లే, చూసుకుంటారు లెండి" అనే జవాబు ప్రతి సమావేశంలోనూ వస్తుంది.

2003 నుంచి 2005 వరకు

2003లో అతిలా అబ్దుల్‌కాదిరోలూ, తైఫున్ సొన్మెజ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు బడుల కేటాయింపును ఒక రూపకల్పన సమస్యగా చూస్తూ రాసిన పరిశోధనా పత్రంలో బోస్టన్ పద్ధతిని ఉదాహరణగా తీసుకుని దాని లోపాన్ని చూపారు. ఆ సెప్టెంబరులో బోస్టన్ గ్లోబ్ పత్రిక ఆ సంగతి ప్రచురించింది. అధికారులు తలుపులు మూసుకోకుండా, పరిశోధకులను పిలిపించుకుని మాట్లాడారు. పరాగ్ పాఠక్, ఆల్విన్ రోత్ కూడా ఆ బృందంలో చేరారు. మన దగ్గర ఒక పత్రిక ఇలా రాస్తే ముందు ఖండన ప్రకటన వెలువడుతుంది, అందుకే ఈ చిన్న విషయాన్ని ప్రత్యేకంగా గుర్తుచేస్తున్నాను.

ముందున్న ప్రత్యామ్నాయాలు రెండు. మొదటిది 1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షేప్లీ ప్రతిపాదించిన తాత్కాలిక అంగీకార పద్ధతి. పిల్లలు తమ మొదటి ఆప్షన్‌కు దరఖాస్తు చేస్తారు, కానీ బడి ఎవరికీ సీటు ఖాయం చేయదు. తన ప్రాధాన్యాల ప్రకారం పైన ఉన్నవాళ్లను పట్టి ఉంచుకుని మిగతావాళ్లను పంపేస్తుంది. పంపేసినవాళ్లు తర్వాతి ఆప్షన్‌కు వెళతారు. అక్కడ అప్పటికే ఉన్నవాళ్లకంటే వీళ్లకు ప్రాధాన్యం ఎక్కువైతే ఉన్నవాళ్లే కదలాలి. ఎవరూ కదలని స్థితి వచ్చాకే జాబితా ఖాయమవుతుంది. మన ఉదాహరణలో ఏటి బడి సలీంను పట్టి ఉంచి లలితను పంపుతుంది. ఆమె కొండ బడికి వెళ్లి కిరణ్‌ను కదుపుతుంది. అతను ఏటి బడికి వెళ్లి సలీంను కదుపుతాడు. సలీంకు కొండ బడిలోనూ చోటు లేక తోట బడికి చేరతాడు. ఇప్పుడు ఎవరికీ న్యాయమైన ఫిర్యాదు లేదు. ఒక ఆప్షన్‌ను మొదట రాశావా, మూడోదిగా రాశావా అన్నది బడి దగ్గర లెక్కకే రాదు కనుక, ఉన్నది ఉన్నట్టు రాయడమే అందరికీ మంచిది. ఎత్తుగడ వేసి లాభపడే దారి మూసుకుపోతుంది.

అయితే ఫలితాన్ని మళ్లీ చూడండి. లలితకు కొండ బడి, కిరణ్‌కు ఏటి బడి వచ్చాయి. ఇద్దరూ సీట్లు మార్చుకుంటే ఇద్దరికీ మొదటి కోరికే తీరుతుంది, సలీంకు కొత్తగా పోయేదేమీ లేదు. తాత్కాలిక అంగీకారం ఆ మార్పిడికి ఒప్పుకోదు. ఏటి బడిలో లలిత కంటే సలీంకే ప్రాధాన్యం కనుక, ఆమె అక్కడ కూర్చుంటే సలీం ఫిర్యాదు చేయగలడు. రెండో ప్రత్యామ్నాయమైన మార్పిడి చక్రాల పద్ధతి సరిగ్గా ఈ మార్పిడినే చేస్తుంది: కొండ బడిలో లలితకున్న ప్రాధాన్యాన్ని, ఏటి బడిలో కిరణ్‌కున్న ప్రాధాన్యంతో వస్తుమార్పిడి చేయిస్తుంది. ఇదీ నిజాయితీని కాపాడుతుంది, పిల్లల సంతృప్తి కూడా ఎక్కువ. కానీ సలీం తల్లి వచ్చి అడిగితే చెప్పడానికి మాట ఉండదు. న్యాయం, సామర్థ్యం (అంటే ఏ పిల్లకూ నష్టం లేకుండా ఇంకో పిల్లకు ఇంతకంటే మేలు చేయలేని కేటాయింపు) రెండూ పూర్తిగా కావాలంటే కుదరదన్నది గణితం తేల్చిన విషయం. ఏది ఎంత వదులుకోవాలో మనుషులు నిర్ణయించాలి.

బోస్టన్ నియమించిన కార్యదళం 2004లో మార్పిడి చక్రాల వైపు మొగ్గింది. స్కూల్ విభాగం అధికారులు, ఆ విభాగం అధిపతి అయిన సూపరింటెండెంట్ థామస్ పేజాంట్ మాత్రం తాత్కాలిక అంగీకారాన్నే సిఫారసు చేశారు. తోబుట్టువు ఉన్నందుకో, ఇల్లు దగ్గరైనందుకో ఇచ్చిన ప్రాధాన్యాన్ని అమ్ముకునే సరుకులా తెరవెనక మార్పిడి చేయడం తల్లిదండ్రులకు వివరించలేమన్నది వారి ప్రధాన అభ్యంతరం. నేను వారి పక్షమే. కౌంటరు దగ్గర ఒక వాక్యంలో చెప్పలేని నియమం, ఎంత చక్కనిదైనా, మొదటి ఏడాదే కోర్టు మెట్లు ఎక్కిస్తుంది. న్యూ ఓర్లీన్స్ 2012లో మార్పిడి చక్రాలను వాడి, మరుసటి ఏడాదే తాత్కాలిక అంగీకారానికి మారడం కూడా నా అభిప్రాయాన్ని బలపరిచింది.

2005 జులైలో స్కూల్ కమిటీ మార్పును ఆమోదించింది. పేజాంట్ తన నివేదికలో చెప్పిన కారణం సారాంశంలో ఇది: ఎత్తుగడ వేయలేని, లేదా సరిగా వేయలేని తల్లిదండ్రులకు జరిగే నష్టాన్ని కొత్త పద్ధతి తగ్గిస్తుంది. సామర్థ్యం పేరుతో మొదలైన చర్చ సమానత్వం పేరుతో ముగిసింది. దీనికి వ్యతిరేకంగా బహిరంగ విచారణలో మాట్లాడింది పైన చెప్పిన తల్లిదండ్రుల సంఘం నాయకులే కావడం గమనించదగ్గది. పాత పద్ధతినే ఉంచి, నమోదుకు వచ్చినవాళ్లను ఇంకో బల్ల దగ్గరకు పంపితే, అక్కడి ఉద్యోగి వారి ఆప్షన్లు చూసి ఏది ప్రమాదమో, ఎలా మార్చుకోవాలో చెబుతాడు కదా అన్నది వారి సూచన. అది చదివినప్పుడు నాకు మా గుమాస్తా కళ్ల ముందు మెదిలాడు. అతనే ఆ బల్ల.

ఆ పాత పద్ధతి గొడవ బోస్టన్‌తోనే ముగియలేదు. ఇంగ్లండులో మొదటి ప్రాధాన్యం రాసినవాళ్లకే ముందనే నియమాన్ని 2007 నాటి ప్రవేశాల నియమావళి నిషేధించింది. చికాగోలో ఎంపిక పరీక్షల బడులకు 2009లో దరఖాస్తులన్నీ చేరిపోయాక, మధ్యలోనే పద్ధతి మార్చి ఆప్షన్లు మళ్లీ రాసివ్వమన్నారు.

మన కౌన్సెలింగ్ అనుభవం ఎక్కడ తప్పుదోవ పట్టిస్తుంది

తెలుగు రాష్ట్రాల్లో ఈ కేసు వివరించబోతే, ఎంసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టిన అనుభవం ఉన్న ప్రతి ఒక్కరూ "మాకు తెలిసిందే కదా" అంటారు. అక్కడే పొరపాటు పడతారు. ఎంసెట్‌లో, ఇప్పటి ఈఏపీసెట్‌లో అన్ని కళాశాలలకూ ర్యాంకు ఒక్కటే. రిజర్వేషన్ కేటగిరీలను కాసేపు పక్కన పెడితే, ర్యాంకుల వరుసలో ఒక్కొక్కరినీ పిలిచి, మిగిలిన సీట్లలో వారి జాబితాలో పైన ఉన్నది ఇచ్చేయడమే జరిగే పని. ఒకే వరుస ఉన్నప్పుడు న్యాయానికీ సామర్థ్యానికీ తగాదా పుట్టదు; తాత్కాలిక అంగీకారమైనా, మార్పిడి చక్రాలైనా ఒకే ఫలితాన్నిస్తాయి. బడుల్లో అలా కాదు. ఇల్లు ఒక బడికి దగ్గర, అన్న ఇంకో బడిలో. ఒక్కో బడికి ఒక్కో వరుస. లలిత, కిరణ్, సలీంల చిక్కుముడి ఆ తేడాలోంచే పుడుతుంది.

దీనికి తోడు, పాత భయాలు కొత్త పద్ధతిలోకి కూడా వెంట వస్తాయి. ఆప్షన్లు ఎన్నయినా పెట్టుకునే వీలుండి, వరుస ర్యాంకుతోనే తేలే చోట కూడా "ఆశపడి పెద్ద కాలేజీ మొదట పెట్టకు, సీటు మొత్తానికే పోద్ది" అని పిల్లలకు చెప్పే మామయ్యలను హెల్ప్‌లైన్ కేంద్రాల్లో నేను స్వయంగా చూశాను. అక్కడ పెద్ద కాలేజీ మొదట పెడితే పోయేదేమీ లేదు. కాబట్టి పద్ధతిని మార్చడం సగం పనే. ఆ మార్పును నమ్మించడం మిగతా సగం. ఆప్షన్ల సంఖ్యకు పరిమితి పెడితే మాత్రం ఆ మామయ్యల మాటే నిజమైపోతుంది. న్యూయార్క్ ఉన్నత పాఠశాలల జాబితాలో 12 గళ్లే ఉండేవి. పన్నెండుకు మించి కోరుకున్న పిల్ల, వాటిలో ఖాయమైనదొకటి ఉండేలా చూసుకోక తప్పదు.

న్యూయార్క్ గురించి ఇంకో మాట. 2003కు ముందు అక్కడ ఏటా సుమారు 90,000 మంది ఎనిమిదో తరగతి పిల్లలు ఐదు ఆప్షన్లు రాసేవారు. ఒకరికి రెండు మూడు సీట్లు వచ్చేవి, చాలామందికి ఒక్కటీ రాక, 30,000 మందికి పైగా తాము రాయని బడికే పంపబడేవారు. కొన్ని బడులు సీట్లు దాచుకుని, తర్వాత తమకు నచ్చినవాళ్లకు ఇచ్చుకునేవి. తాత్కాలిక అంగీకార పద్ధతి వచ్చిన మొదటి ఏడాదే ఆ 30,000 సుమారు 3,000కు పడిపోయింది. అందులో కొంత సూత్రం గొప్పతనం. కొంత మాత్రం అందరికీ ఒకే రోజున, ఒకే చోటు నుంచి, ఒకే సీటు చెప్పడం వల్ల వచ్చిందని నా అంచనా.

లాటరీ ఒకటా, బడికొకటా

ఒకే మెట్టు మీద వందల మంది ఉన్నప్పుడు లాటరీ సంఖ్యే అసలు ప్రాధాన్యం. పిల్లకు అన్ని బడుల్లోనూ ఒకే సంఖ్య ఇవ్వాలా, బడి బడికీ వేరే సంఖ్య తీయాలా? ఒకే సంఖ్య అంటే, అది చెడ్డదైతే అన్ని చోట్లా దెబ్బే. వేరువేరు సంఖ్యలైతే ఒకచోట కాకపోయినా ఇంకోచోట అదృష్టం కలిసొస్తుందని ఎవరికైనా అనిపిస్తుంది. న్యూయార్క్ అధికారులకూ మొదట అలాగే అనిపించింది, కానీ చివరికి ఒకే సంఖ్యను ఎంచుకున్నారు. బడికొక లాటరీ తీస్తే, నీ బడి నాకు కావాలి, నా బడి నీకు కావాలి అనే జంటలు కోకొల్లలుగా తయారవుతాయి. ఆమ్‌స్టర్‌డామ్ 2015లో బడికొక లాటరీతో తాత్కాలిక అంగీకారాన్ని అమలు చేసినప్పుడు, అలాంటి తల్లిదండ్రులే సీట్లు మార్చుకోనివ్వాలని కోర్టుకు వెళ్లారు. కోర్టు ఒప్పుకోలేదు, నగరం మాత్రం మరుసటి ఏడాది ఒకే లాటరీకి మారింది. ఒప్పుకుని ఉంటే, మార్చుకోవచ్చని ముందే తెలిసినవాళ్లు గిరాకీ బడులను మారకానికి పనికొస్తాయని రాసేవారు. మొత్తం కథ మళ్లీ మొదటికొచ్చేది.

సగం సగం ఒప్పందం

ఇప్పుడు 1999 నాటి రాజీకి వస్తాను. ప్రతి బడిలో సగం సీట్లు దగ్గరివాళ్లకు, సగం అందరికీ. కాగితం మీద ఇది దగ్గరివాళ్లకు మేలు చేసే నియమం. కానీ పదేళ్లకు పైగా దాని వల్ల దగ్గరివాళ్లకు దాదాపు ఏమీ ఒరగలేదని ఉమిత్ దుర్, స్కాట్ కొమినర్స్, పాఠక్, సొన్మెజ్ కలిసి చేసిన పరిశోధనలో బయటపడింది. కారణం ఎవరూ చర్చించని, ప్రోగ్రాం రాసేటప్పుడు ఎవరో ఒకరు తీసుకోవలసిన ఒక చిన్న నిర్ణయం: ఏ సగాన్ని ముందు నింపాలి?

ఊహకు ఒక బడిలో 100 సీట్లు, దగ్గర నుంచి 100 మంది, దూరం నుంచి 100 మంది దరఖాస్తుదారులు ఉన్నారనుకోండి. బోస్టన్ ప్రోగ్రాం దగ్గరివాళ్ల 50 సీట్లను ముందు నింపేది. దగ్గరివాళ్లలో లాటరీ సంఖ్య బాగున్న 50 మంది ఆ సీట్లలో కూర్చుంటారు. మిగిలిన 50 సీట్లకు ఇప్పుడు పోటీ పడేది లాటరీ బాగోలేని 50 మంది దగ్గరివాళ్లూ, మంచీ చెడూ కలగలిసిన 100 మంది దూరంవాళ్లూ. దూరంవాళ్లలోని మంచి సంఖ్యల 50 మంది ఆ సీట్లన్నీ పట్టుకుపోతారు. చివరి లెక్క 50, 50. అసలు దగ్గరివాళ్లకు ప్రాధాన్యమే లేకుండా అందరికీ ఒకే లాటరీ తీసినా వచ్చేది ఇదే 50, 50. అదే అందరి సీట్లను ముందు నింపితే, వాటిలో దగ్గరివాళ్లు 25, దూరంవాళ్లు 25. ఆ తర్వాత దగ్గరివాళ్లకు కేటాయించిన 50 సీట్లూ వాళ్లకే. మొత్తం 75, 25. నియమావళిలో ఒక్క అక్షరం మారలేదు, ప్రోగ్రాంలో రెండు వరుసల స్థానం మారిందంతే.

తెలుగు పాఠకులకు ఇది వెంటనే తట్టాలి. రిజర్వేషన్ ఉన్న చోట ఓపెన్ సీట్లు ముందు నింపుతారు. రిజర్వుడు అభ్యర్థి తన ర్యాంకుతో ఓపెన్ సీటు తెచ్చుకుంటే అతన్ని కోటా లెక్కలో వేయకూడదని 1992 నాటి సుప్రీంకోర్టు ఇంద్రా సాహ్నీ తీర్పు స్పష్టం చేసింది. ఆ వరుసను తలకిందులు చేసి కోటా సీట్లు ముందు నింపితే, కోటాలోని మంచి ర్యాంకులవాళ్లతోనే కోటా నిండిపోయి, ఓపెన్‌లో పోటీపడటానికి వెనకబడిన ర్యాంకులవాళ్లే మిగులుతారు. శాతం అదే, ఫలం మాత్రం సున్నా దాకా కరిగిపోవచ్చు. మన దగ్గర కోర్టుల దాకా వెళ్లి తేల్చుకున్న సంగతి బోస్టన్‌లో సాఫ్ట్‌వేర్‌లో ఎవరికీ కనిపించకుండా ఉండిపోయింది.

మేయర్ థామస్ మెనీనో 2012లో పిల్లలను ఇంటి దగ్గర బడులకే పంపే కొత్త పథకం కావాలని ప్రకటించాక జరిగిన చర్చల్లో ఈ విశ్లేషణ కమిటీ ముందుకు వచ్చింది. సగం సగం ఉందని ఒక వర్గం ధైర్యంగానూ, ఇంకో వర్గం బాధతోనూ ఉన్నారు; నిజానికి అది పనిచేయడం లేదని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. 2013 మార్చిలో సూపరింటెండెంట్ కరోల్ జాన్సన్ సిఫారసు మీద నడక దూరం ప్రాధాన్యాన్ని పూర్తిగా తీసేశారు. పనిచేయని హామీని నియమావళిలో ఉంచడం కంటే తీసేయడమే నిజాయితీ అని నేనూ అనుకుంటాను. అయితే దగ్గరివాళ్లకు హామీ ఇవ్వడం సరైన లక్ష్యమా కాదా అన్న అసలు ప్రశ్న ఆ చర్చలో తేలకుండానే మరుగున పడింది.

మండలాల స్థానంలో 2014 నుంచి ఇంటిని బట్టి తయారయ్యే జాబితా వచ్చింది. అప్పట్లో ఎంఐటీ విద్యార్థి అయిన పెంగ్ షీ ప్రతిపాదించిన పద్ధతి అది. ఇంటికి ఒక మైలు లోపలి బడులన్నీ, మొదట్లో పరీక్షా ఫలితాల ఆధారంగా నాలుగు తరగతులుగా విభజించిన బడుల్లో పై తరగతులవి ఇంటికి దగ్గరగా ఉన్నవి కొన్నీ కలిపి ఒక్కో కుటుంబానికి ఒక్కో జాబితా ఇచ్చేవారు. పిల్లలు వెళ్లే దూరం తగ్గింది. మంచి బడులు కొన్ని పేటల్లోనే గుమిగూడి ఉన్నందున, నల్లజాతి పిల్లలు ఎక్కువగా ఉన్న పేటల వారికి వాటి అందుబాటు సమానం కాలేదని 2018లో వచ్చిన మూల్యాంకనం చెప్పింది. లేని సీటును ఏ సూత్రమూ పుట్టించలేదు.

మా నాలుగు బడులు

మొదటి ఏడాది తర్వాత ఆ విద్యాసంస్థకు తాత్కాలిక అంగీకార పద్ధతిలో మళ్లీ రాసిచ్చాను. ప్రోగ్రాం మార్చడానికి ఒక వారం పట్టింది, యాజమాన్యాన్ని ఒప్పించడానికి మూడు నెలలు. మొదటి ఆప్షన్ దక్కినవాళ్ల శాతాన్ని ప్రకటనల్లో వేసుకునే అలవాటు వారిది. కొత్త పద్ధతిలో ఆ శాతం తగ్గవచ్చు. పాత పద్ధతిలో అది ఎక్కువగా కనిపించింది, గుమాస్తా సలహాతో జనం తమకు వచ్చేదాన్నే మొదట రాసినందువల్ల. ఈ ఒక్క మాట వారికి అర్థమయ్యేలా చెప్పడానికే ఎక్కువ సమయం పట్టింది.

లాటరీని తల్లిదండ్రుల ఎదుటే తీస్తున్నాం. ఒక్కో పిల్లకు ఒకే సంఖ్య. ఆ సంఖ్య, ప్రాధాన్యం మెట్టు, సీటు రాని ప్రతి బడిలో చివరగా సీటొచ్చిన పిల్ల మెట్టు, సంఖ్య ఉత్తరంలో అచ్చవుతాయి. అది చూసుకుని ఎవరి కేసును వాళ్లే సరిచూసుకోవచ్చు. సీటు తీసుకుని చేరనివాళ్ల కోసం రెండో విడత కూడా నడుపుతున్నాం. ఐఐటీలకూ ఎన్‌ఐటీలకూ 2015లో ఉమ్మడి సీట్ల కేటాయింపు మొదలుపెట్టినప్పుడు, తాత్కాలిక అంగీకారాన్నే విడతల వారీగా మళ్లీ మళ్లీ నడిపి, ఒకే విద్యార్థి రెండు సీట్లు పట్టుకు కూర్చునే ఆనవాయితీకి అడ్డుకట్ట వేసి, ఖాళీలను తగ్గించారు. దాని సాంకేతిక వివరణను సురేందర్ బస్వానా, యశ్ కనోరియా తదితరులు ప్రచురించారు. నాలుగు బడులకు అంత అవసరం లేదు కానీ, మొదటి విడతలో వచ్చిన సీటు కంటే తక్కువది రెండో విడతలో ఎవరికీ రాకూడదన్న నియమాన్ని మాత్రం అక్కడి నుంచే తీసుకున్నాను.

ఒక్కటి మిగిలింది. ఆ సంస్థ తన ఉద్యోగుల పిల్లలకు ప్రతి బడిలో కొన్ని సీట్లు కేటాయిస్తుంది. ఆ సీట్లు ముందు నింపాలా, అందరి సీట్లు నిండాక నింపాలా అన్నది సర్క్యులర్‌లో రాయమని అడిగాను. శాతం రాశాం కదా, మళ్లీ వరుస ఎందుకన్నారు. వంద సీట్ల లెక్క వేసి చూపించాను. ఉద్యోగుల ప్రతినిధులు ఒక వరుస కోరారు, తల్లిదండ్రుల కమిటీ ఇంకోటి కోరింది. నిర్ణయం చేయవలసింది నేను కాదని చెప్పి, ప్రోగ్రాంలో ఆ చోట ఏదో ఒక వరుస దానంతటదే అమలయ్యేలా వదలకుండా, యాజమాన్యం సంతకం చేసిన పత్రం సంఖ్య నమోదు చేస్తే తప్ప ముందుకు సాగని విధంగా రాశాను. దరఖాస్తుల గడువు ముగియడానికి పదకొండు రోజులుంది. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.